కోద్దామా, ఆగుదామా

ఈ సాయంత్రం చాట్రాయి వైపు నుంచి నల్లమబ్బు లేచింది. మా మామిడితోటను పూత మీదే కౌలుకు తీసుకున్న ప్రకాశం చెట్ల కింద నిలబడి ఆకాశం చూస్తున్నాడు. గాలి కొడితే కాయంతా రాలిపోతుంది. ఈ ఏడాది ఆ కుటుంబం బతుకు ఆ కాయ మీదే ఉంది.

"గాలి వచ్చే ఛాన్సుందంటారా, టీచరమ్మగారూ?"

"బళ్లో నేను చెప్పింది ఇంగ్లీషయ్యా, వాతావరణం కాదు," అన్నాను.

"కాయ ముదరలేదండీ. నాలుగు రోజులాగితే మంచి ధరొచ్చే ఛాన్సు."

అతని భార్య రత్నం కాయ కోసేందుకు చిక్కం కట్టిన గెడ అందుకుంది. "అంత ఛాన్సు నేను తీసుకోను. నీకు మబ్బు లేచిన దగ్గర్నుంచీ ఛాన్సిస్తానే ఉన్నా. ఇంక తప్పుకో!"

ఏళ్ల తరబడి ఛాన్సనే ఆ ఇంగ్లీషు మాట పిల్లలకు బోధించాను గానీ, దాని చేత ఇంత చాకిరీ ఎప్పుడూ చేయించలేదు.

కూలీలు కదిలారు. సగం చెట్ల కాయ కోశారో లేదో గాలి విరుచుకుపడింది. మిగతా చెట్ల కింద కాయలు దబదబా రాలిపోయాయి. కోసిన సగం మాత్రం పాకలో భద్రంగా ఉంది.

గాలి తగ్గాక పక్కతోట వాళ్లు వచ్చి మెచ్చుకున్నారు. ప్రకాశం తువ్వాలు దులుపుకుని, "మబ్బు చూడగానే కోసెయ్యమన్నానండీ!" అన్నాడు.

రత్నం రాలిన కాయలు ఏరడం మొదలుపెట్టింది. నేనా తప్పు దిద్దకుండా వదిలేశాను, నాకది అలవాటు లేని పని. మీ ఇంట్లో అయితే ఈ ఘనత ఎవరికి దక్కేదో కాస్త చెప్పండి.