ఇంగ్లీషు పాటకు టేకులపల్లి చప్పట్లు

మొన్న ఖమ్మం నుంచి కొత్తగూడెం వెళ్తుంటే మా అల్లుడు కారులో ఒక పాత ఇంగ్లీషు బ్యాండు పాటలు పెట్టాడు. స్టూడియోలో తలుపులేసుకుని పాడినవి కావు, లండన్‌లో వేలమంది ఎదుట పాడుతుండగా రికార్డు చేసిన కచేరీ. మొదటి పాట అయిపోయింది, జనం హోరెత్తారు. "పాట సరిగానే ఉంది గానీ చప్పట్లు తప్పు" అన్నాను. అల్లుడు మర్యాదస్తుడు. నా ఆరోగ్యం గురించి ఏదో అడగబోయి, ఎదురుగా లారీ రావడంతో మానుకున్నాడు. ఆ సాయంత్రం అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అతిశయోక్తులు కొంచెం తగ్గించి.

నేను ఖమ్మంలో డిగ్రీ చదివే రోజుల్లో మా బాబాయి టేకులపల్లి అవతల అడవిలో ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు. పెళ్ళి కాలేదు. ప్రభుత్వం వారు ఇచ్చిన క్వార్టరు, అందులో నులక మంచం, కిరసనాయిలు స్టవ్వు, టేప్ రికార్డరు, ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్టు. చదువుకునే రోజుల్లో హాస్టల్ మిత్రుడెవరో ఇచ్చిపోయాడట. డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పి, టీ పెట్టుకుని, వరండాలో కూర్చుని, కారులో వినిపించిన ఇదే కచేరీ వినేవాడు. నేను సెలవులకు వెళ్ళినప్పుడు చుట్టూ ఇప్పపూల వాసన, లోపల టీ మరిగే వాసన, మధ్యలో నాకు అక్షరం అర్థంకాని ఆ పాటలు. పాటల కంటే వాటి మధ్య జనం గోలే ఆయనకు ఇష్టమని కొన్నాళ్ళకు కనిపెట్టాను. పాట నడుస్తుంటే కాళ్ళు తోముకునేవాడు. చప్పట్లు మొదలవగానే చెంబు కింద పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "స్టూడియో పాట వంటింట్ల రుచి చూసినట్టుంటదిరా. గిది బంతిల కూసోని తిన్నట్టు" అన్నాడు. ఒంటరిగా వండుకు తినేవాడికి బంతి విలువ తెలుస్తుందని అప్పుడు నాకు తట్టలేదు. ఇరవై ఏళ్ళకు తట్టనివి ఇంకా చాలా ఉండేవి.

ఆయనకు జనం కరువు ఊరికే రాలేదు. ఫారెస్టు జీపు ఊళ్ళోకి వస్తే గొడ్డళ్ళు మంచాల కిందికి, మనుషులు ఇళ్ళలోకి పోయేవారు. కొత్తగా కోసిన టేకు దూలం ఇంట్లో ఉన్నవాడూ, లేనివాడూ ఒకేలా నేల చూపులు చూసేవారు. బాబాయి చెడ్డవాడు కాదు. కానీ ఆ సంగతి నిరూపించుకోవడానికి కనీసం ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి కదా.

ఇంతలో ఆయనకు ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది. ఈ పాటలు మళ్ళీ దొరకవని, కాపీ చేయించుకుంటానని క్యాసెట్టు నాలుగు రోజులు అడిగి తీసుకున్నాను. "మంచం పోయినా ఫికర్ లేదు, గిది మాత్రం సోమవారం నా చేతిల ఉండాలె" అన్నాడు. ఇల్లెందులో ఒక భాయ్‌కి రికార్డింగ్ దుకాణమూ, మైక్ సెట్టూ ఉండేవి. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆయన మైకులోనే అయ్యేవి. ఆయనకు రెండు నియమాలు. క్యాసెట్టు చివర పాట సగంలో తెగకూడదు, పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. నేను అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు ఇచ్చాను. కచేరీయేమో తొంభై నిమిషాలది. మర్నాడు వెళ్తే భాయ్ మొహం వెలిగిపోతోంది.

"మొత్తం పట్టిచ్చిన తమ్మీ. నడుమ నడుమ గోల మస్తుగుండె, అంతా తీసిపారేసిన. ఇప్పుడు పాట ఎన్క పాట, నీళ్ళ లెక్క పోతది."

నేను నోరు తెరిచేలోగా, తన పనితనం తెలియాలని అసలు క్యాసెట్టు కూడా పెట్టి చూపబోయాడు. కరెంటు ఒకసారి తగ్గి పెరిగింది. మిషను టేపును లోపలికి లాక్కుని నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా నమిలింది. బయటికి తీసిన గోధుమరంగు కుప్పను భాయ్ నా చేతిలో పెట్టాడు. అలా బాబాయి క్యాసెట్టులో పాటలు నా దగ్గర మిగిలాయి. జనం మాత్రం మిగల్లేదు. అది శుక్రవారం.

గోల ఎందుకు కావాలో భాయ్‌కి వివరించాను. ఆయన అర్థం చేసుకోలేదు గానీ బాధపడ్డాడు. "గోలనే కావాలంటే గోల తెస్త. ఆదివారం టేకులపల్లి అవతల కబడ్డీ ఉన్నది, మైకు మనదే. జల్దీ రా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అడవి అంచు ఊళ్ళో మైదానం నిండిపోయింది. ఆట విరామంలో భాయ్ ఒక మైకు జనం వైపు తిప్పి, టేపు మీట నొక్కి, ఇంకో మైకులో ప్రకటించాడు. "అందరు ఒక్కపారి చప్పట్లు కొట్టాలె. ఈలలు గూడ ఎయ్యొచ్చు."

"ఎవలు గెల్సిండ్రని?" ముందు వరసలో ఒకామె అడిగింది.

"ఎవలు గెల్వలే అక్కా. పాట పాడిండ్రు."

"ఏడ?"

"లండన్ల."

"గాళ్ళకు ఇనవడ్తయా మన చప్పట్లు?"

భాయ్ నా వైపు చూశాడు. నేను చెట్లవైపు చూశాను. అప్పుడు ఊరి పెద్ద లేచాడు. తువ్వాలు భుజాన సర్దుకుని, "ఇనకుండ ఎట్ల కొడ్తం సాయిబూ? తినకుండ మంచిగున్నదంటమా?" అన్నాడు. ఊరంతా ఆయన మాటే. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

ఇక చేసేదిలేక భాయ్ నా అరవై నిమిషాల క్యాసెట్టు పెట్టి, రెండు మైకు బూరలనూ జనం మీదికి తిప్పాడు. మైదానం అంచున మేస్తున్న రెండు దూడలు పలుపులు తెంపుకుని పోయాయి. మనుషులు మాత్రం కదల్లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పెద్దాయన పాటంతా విన్నాడు.

"డోలు కొట్టెటోడు పనిమంతుడు. పాడెటాయనకే ఏందో కష్టమున్నది" అని తీర్పు చెప్పి, "కొట్టుండ్రి" అన్నాడు. చప్పట్లతో మైదానం దద్దరిల్లింది. రెండో పాటకు ఆయన తల అడ్డంగా ఊపాడు. భాయ్ ఎంత బతిమాలినా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక మేక అరిచింది. మూడో పాటకు కబడ్డీ ఆటగాళ్ళు తొడలు చరిచి ఎగరడం మొదలుపెట్టారు, విరామం మీద విరామం అయింది, ఆట నిర్వాహకులు మా వైపు చూసే చూపు మారింది. చివరి పాట దాకా వినిపించి, దుకాణానికొచ్చి, భాయ్ తన సొంత తొంభై నిమిషాల క్యాసెట్టులో పాటలనూ జనాన్నీ ఓపిగ్గా అతికించాడు.

సోమవారం పొద్దున బాబాయి సామాను లారీలోకి ఎక్కుతోంది. క్యాసెట్టు పాత డబ్బాలోనే పెట్టి ఇచ్చాను. నిజం చెప్పాలనే వెళ్ళాను గానీ, నిజాలు చెప్పడానికి ఒక సమయముంటుందని, అది ఇంకా రాలేదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, టేప్ రికార్డరును ఆఖరున సర్దుదామని వరండాలో పెట్టి మీట నొక్కాడు. మొదటి పాట తర్వాత చప్పట్లు వచ్చాయి. తల కొంచెం వంచాడు. రెండో పాట అయింది. మేక అరిచింది.

"లండన్ల మేకలెక్కడియిరా?" అన్నాడు.

మూడో పాట చివర హోరు, దాని మీద స్పష్టంగా ఒక గొంతు: "ఇంకోటి ఎయ్యి సాయిబూ, గిది మంచిగున్నది." బాబాయి టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. అప్పుడు మొత్తం చెప్పేశాను. నమిలిన టేపు కుప్పను కాగితంలో చుట్టి తెచ్చాను, అదీ చూపించాను. దాన్ని చూడలేదాయన.

"ఈ పెద్దమనిషి నాకు ఎరుకే" అన్నాడు చివరికి. "నాలుగేండ్లల నాతోని రెండే మాటలు. 'అవ్ సారు', 'లేదు సారు'. గింత గొంతున్నదా ఆయనకు?"

ఇంకోసారి విన్నాడు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. చిన్నపిల్లవాడిని బంతిలోకి పిలిస్తే ఉండే మొహం ఉంది అక్కడ. లారీ డ్రైవరును చెట్టుకింద ఆగమని చెప్పి, జీపు వదిలేసి, నాతో నడుచుకుంటూ ఆ ఊరు వెళ్ళాడు. నడిచి వచ్చిన ఫారెస్టు ఆఫీసరును చూసి ఏం దాచాలో ఎవరికీ తోచలేదు. పెద్దాయన అరుగు మీద తువ్వాలు పరిచాడు. బాబాయి కూర్చున్నాడు. ఇప్పసారా ఇచ్చారో, మజ్జిగ ఇచ్చారో నేను రాయను, ఆయన పింఛను ఇంకా వస్తోంది.

"రెండో పాటకు చప్పట్లెందుకు కొట్టలేదు?" అని అడిగాడు బాబాయి.

"గది బాగలేదు సారు."

"నాకు గూడ నచ్చదు. పదేండ్ల నుంచి ఎవరికి చెప్పలే."

పెద్దాయన నవ్వాడు. అరుగు చుట్టూ ఒక్కొక్కరే చేరారు. "పోతున్నవట గదా సారు" అంది కబడ్డీ దగ్గర ముందు వరసలో కూర్చున్న ఆమె. "పోయెటప్పుడే మంచిగ కనవడ్తరు అందరు." దానికి బాబాయి కూడా నవ్వాడు. అరగంటకు లారీ హారన్ వినిపించింది, లేచాం.

బాబాయి ఇప్పుడు ఖమ్మంలోనే ఉంటాడు, ఆ క్యాసెట్టును బీరువాలో దాచుకుని. అడవిలో గడిపిన నాలుగేళ్ళ గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఆ అరగంట గురించి మాత్రం రెండు గంటలు చెబుతాడు.