బొడ్డు కింద, గట్టిగా

2012 ఆగస్టు. గిద్దలూరు వైపు ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డుకు స్టాఫ్ నర్సుగా బదిలీ అయి వచ్చాను. అంతకుముందంతా పిల్లల వార్డులో పనిచేసినదాన్ని. ఇక్కడి సీనియర్ జమీలా అక్క. మనిషి సన్నగా ఉండేది కానీ, ఆమె గొంతు వినిపిస్తే వార్డులో ఫ్యాన్లు కూడా సర్దుకుని తిరుగుతాయని ఆయాలు నవ్వుకునేవాళ్ళు.

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారుతుంది. దిగిపోయే నర్సు వచ్చిన నర్సుకు పేషెంట్లను అప్పగించడాన్ని హ్యాండోవర్ అంటాం. నేను చూసిన చోట్ల రిజిస్టర్ ముందేసుకుని కూర్చునే ఆ పని ముగించేవాళ్ళం. జమీలా అక్క దగ్గర అలా కుదరదు. కాన్పయిన ప్రతి తల్లి మంచం దగ్గరికీ తీసుకెళ్ళి, నా మణికట్టు పట్టుకుని, అరచేతిని ఆ తల్లి పొట్ట మీద పెట్టేది. బిడ్డ పుట్టాక యూటిరస్, అంటే గర్భసంచి, బొడ్డు దగ్గరికి దిగి బంతిలా గట్టిపడాలి. మెత్తబడితే లోపల రక్తం ఆగదు.

"ఏముంది, చెప్పు" అనేది.

"బొడ్డు కింద, గట్టిగా" అని నేను చెప్పేదాకా చెయ్యి వదిలేది కాదు. బళ్ళో ఎక్కాలు అప్పజెప్పినట్టుండేది. అన్నేళ్ళ సర్వీసున్న నాకు ఒళ్ళు మండేది.

అది రంజాన్ నెల. ఒకరోజు అక్క ఉపవాసంతో పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, పెదవులు ఎండిపోయాయి. ఆ రోజు వార్డులో బాలింత ఒక్కతే, రాచర్ల వైపు గొర్రెల కాపరుల ఇంటి పిల్ల వెంగమ్మ. రెండో కాన్పు. గంట కిందటే మగబిడ్డ పుట్టాడు.

"ఇంటికి పో అక్కా, అంతా రిజిస్టర్‌లో ఉంది కదా" అన్నాను.

"రిజిస్టర్ పొట్ట మీద చెయ్యేసి చూస్తాదా ఏంది? రా" అని మణికట్టు పట్టుకుంది.

బొడ్డు కింద, గట్టిగా. అప్పజెప్పాను. అక్క వెళ్ళిపోయింది.

కాసేపటికి బీపీ చూద్దామని వెంగమ్మ దగ్గరికి వెళితే, అత్త అడ్డం వచ్చింది.

"లేపొద్దు సిస్టరమ్మా. రాత్రంతా నొప్పులు పడింది. ఇప్పుడే కన్ను మూసింది పాపం."

గుడ్డల మీద రక్తం పెద్దగా లేదు. నిద్రలో ఉన్న మనిషిని కదిలించడం ఎందుకులే అనిపించేలానే ఉంది. చెయ్యి మాత్రం అలవాటుగా పొట్ట మీదికి పోయింది. ఇందాక గట్టిగా తగిలిన చోట ఏమీ లేదు. వెతికితే బొడ్డుకు పైన, కుడి పక్కకు జరిగి, మెత్తగా తగిలింది. రెండో కాన్పు పొట్ట, వదులుగానే ఉంటుందిలే అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. అంతకుముందు అదెక్కడుందో నా చేతికి తెలుసు.

"వెంగమ్మా, ఒంటికి పోయినావా?"

"లేదక్కా. బయట మగోళ్ళు ఉన్నారని పోలేదు. నిద్రొస్తాంది" అంది కళ్ళు తెరవకుండానే. ఒళ్ళు చల్లబడుతోంది. అది నిద్ర కాదు.

డాక్టరమ్మను పిలవమని ఆయాను పరుగెత్తించి, పొట్ట గట్టిగా రుద్దడం మొదలుపెట్టాను. లోపల దాగిన రక్తం గడ్డలు గడ్డలుగా బయటపడింది. అత్త గోడకు ఆనుకుని కూలబడింది. డాక్టరమ్మ వస్తూనే సెలైన్, ఇంజెక్షన్లు పెట్టించింది. ట్యూబు వేసి మూత్రం తీశాం. నిండిన మూత్రసంచి పక్కకు నెట్టడంతో గర్భసంచి ముడుచుకోలేకపోయింది. నా చేతి కింద అది మెల్లగా బిగుసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. సాయంత్రానికి వెంగమ్మ బిడ్డకు పాలిచ్చింది.

మర్నాడు జమీలా అక్కకు జరిగింది చెప్పి, "ఇది నీకెవరు నేర్పినారు?" అని అడిగాను.

"మరియమ్మ సిస్టర్ అని ఉండేది. నాకూ అప్పట్లో ఒళ్ళు మండేదిలే" అని నవ్వింది. తన మీద నాకెంత కోపమో ఆమెకు ముందు నుంచీ తెలుసన్నమాట.

ఆ తర్వాత నేనూ అంతే. ఎక్కడికి బదిలీ అయితే అక్కడ, కొత్తగా వచ్చిన నర్సు పిల్లల మణికట్లు పట్టుకున్నాను. వాళ్ళూ మూతులు ముడుచుకునేవాళ్ళు. మేము చదివిన పుస్తకాల్లో గర్భసంచి గట్టిగా ఉండాలనే ఉంది. ఎంత గట్టిగా అన్నది ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవలసిందే. ఈ ఉద్యోగం నాకు నేర్పింది అదొక్కటే అన్నా తప్పులేదు.

జమీలా అక్క పోయి మూడేళ్ళయింది. నేను రిటైరయ్యాను. మొన్నీమధ్య మా చెల్లెలి కూతురు మార్కాపురంలో కాన్పయితే తోడుగా ఉన్నాను. రెండింటికి డ్యూటీ మారింది. దిగిపోతున్న నర్సు, చిన్నపిల్ల, వచ్చినామె మణికట్టు పట్టుకుని, అరచేతిని మా పిల్ల పొట్ట మీద పెట్టింది.

నేను లేచి నిలబడ్డాను. "ఇట్ల ఎవరు నేర్పినారమ్మా నీకు?"

"కురిచేడులో చేసేటప్పుడు ఒక సీనియర్ అక్క నేర్పింది పెద్దమ్మా. ఏం, తప్పా?"

"జమీలా అని విన్నావా ఎప్పుడైనా?"

"లేదే. ఎవరు పెద్దమ్మా?"

నేనూ నర్సునేనని మాత్రం చెప్పాను. ఆ పిల్లకు ఏమర్థమైందో, "అయితే మీరూ చూడండి" అని నా మణికట్టు పట్టుకుంది.

"ఏముంది, చెప్పండి" అంది.

"బొడ్డు కింద, గట్టిగా" అన్నాను.