జిరాఫీ చూసిన సభ

అలివేలుమంగ సూర్యాపేట దగ్గర ఒక హైస్కూల్లో పన్నెండేళ్లు సాంఘికశాస్త్రం చెప్పింది. రాజ్యాంగం పాఠం వచ్చిన రోజున పుస్తకం తెరిచేది కాదు. "రాసినోళ్లు దేవుళ్లు కాదురా. దగ్గుకుంట, కునుకుతీసుకుంట, కొట్లాడుకుంట రాసిన్రు" అని మొదలుపెట్టేది. వెనక బెంచీల వాళ్లు కూడా ఆ గంటసేపు కదిలేవారు కాదు.

2014లో భర్త లక్ష్మణరావుకు జర్మనీలోని బ్రెమెన్‌లో, విమానాల రెక్కలు తయారుచేసే చోట ఉద్యోగం వచ్చింది. అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, బ్లూ కార్డు, చేతిలో పడింది. కూతురు ఈషాకు అప్పుడు ఎనిమిదేళ్లు. మూడేళ్లు గడిచేసరికి ఈషా నిద్రలో కూడా జర్మన్‌లో పలవరించేది. అలివేలుమంగ మాత్రం భాష పరీక్షలు ఒక్కొక్కటే గట్టెక్కింది. తన బి.ఎడ్. ఇక్కడి బడిలో చెల్లదని తెలిశాక, ఇంటికి రెండు ట్రాము స్టాపుల దూరంలో ఉన్న వృద్ధాశ్రమంలో చేరింది. పెద్దవాళ్లకు పేపరు చదివి వినిపించడం, చెయ్యి పట్టుకుని తోటలో తిప్పడం, కాఫీ పొయ్యడం ఆమె పని.

అక్కడ రెండో అంతస్తులో ఫ్రావ్ బ్రూన్స్, అంటే శ్రీమతి బ్రూన్స్, ఉండేది. ఎనభై ఎనిమిదేళ్లు. కిటికీలోంచి వేజర్ నది కనిపిస్తుంది. నవంబరులో నది మీద పొగమంచు లేచి, ఆవలి ఒడ్డు ఉందో లేదో తెలియకుండా పోయేది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆ తెల్లని వెలుగులో ఫ్రావ్ బ్రూన్స్ మాటలు కూడా ఏ ఒడ్డు నుంచి వస్తున్నాయో తెలిసేది కాదు.

"కప్పులు తుడిచావా? పెద్దమనుషులు వచ్చే వేళయింది" అనేది ఆవిడ.

"తుడిచాను, ఫ్రావ్ బ్రూన్స్. ఎంతమంది వస్తారు?"

"అరవై అయిదు మంది. మెల్లగా నడువు, జిరాఫీ చూస్తోంది."

జిరాఫీ మాట ఆశ్రమంలో అందరికీ తెలుసు. "ఈవేళ జిరాఫీ వచ్చిందా?" అని నర్సులు నవ్వుతూ అడిగేవారు. కొడుకు ఆదివారాలు వచ్చి, "అమ్మకు మతి తప్పింది. ఏమీ అనుకోకండి" అని చెప్పి వెళ్లేవాడు.

అలివేలుమంగ నవ్వలేదు. అరవై అయిదు అన్న అంకె ఆమెను పట్టుకుంది. మతి తప్పినవాళ్లు అంకెను రోజూ మారుస్తారు. ఈవిడ ఒక్కసారి కూడా మార్చలేదు.

రోజూ కొంచెం కొంచెంగా అడుగుతూ పోయింది. 1948లో ఆవిడకు పద్దెనిమిదేళ్లు. ఊరు బాన్. యుద్ధంలో సగం కూలిన ఊళ్లో కొత్త దేశానికి రాజ్యాంగం రాయడానికి పెద్దలు కూడితే, వాళ్లకు కాఫీ అందించే పనికి కుదిరింది.

"కాలర్లు అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నారు" అంది ఫ్రావ్ బ్రూన్స్ ఒకరోజు, కళ్లు సగం మూసుకుని. "ఒకాయన జైల్లోంచి బతికి వచ్చాడు. కప్పు రెండు చేతులతో పట్టుకునేవాడు, వణుకు. ఇంకొకాయన చక్కెర బిళ్ల జేబులో వేసుకునేవాడు. మనవరాలికి. నేను చూడనట్టు ఉండేదాన్ని."

"ఆడవాళ్లు లేరా?"

"నలుగురు."

"అదే చలికాలంలో ఢిల్లీలో మావాళ్లూ రాస్తున్నారు. మాకు పదిహేను మంది ఆడవాళ్లు" అంది అలివేలుమంగ.

ఫ్రావ్ బ్రూన్స్ కళ్లు పూర్తిగా తెరిచింది. "పదిహేను!" అని, చిన్నపిల్లలా రెండు చేతుల వేళ్లూ చాపి లెక్కపెట్టబోయింది. వేళ్లు చాలలేదు.

ఆ శనివారం అలివేలుమంగ ఊరి లైబ్రరీకి వెళ్లింది. ఆ సభ గురించిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. నలభయ్యో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ప్రారంభసభకు తగిన హాలు ఊళ్లో దొరకక జంతువుల మ్యూజియంలో జరిపారట. తోళ్లలో గడ్డి కూరి నిలబెట్టిన జంతువులను పక్కకు జరిపి, తెరలు కట్టారట. జిరాఫీ తెరకు మించిన ఎత్తు కావడంతో తల పైనుంచి సభను చూస్తున్నట్టు ఉండేదని చెప్పుకుంటారట.

ఇంటికొచ్చి చెప్తే లక్ష్మణరావు ముందు నమ్మలేదు. "గదేందే, రాజ్యాంగసభల జిరాఫీ ఏంది?"

"ఉన్నదయ్యా. నేనే చదివిన. ఆమె నిజమే చెప్పింది. మేమే ఇన్నొద్దులు కల అనుకున్నం."

"ఎష్ట్, మమ్మీ?" అంది ఈషా, నిజమా అన్నట్టు, ఫోన్ పక్కన పెట్టి.

సోమవారం పుస్తకం తీసుకెళ్లి ఫ్రావ్ బ్రూన్స్ ఒళ్లో పెట్టింది. ఆవిడ హాలు ఫొటో మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

స్త్రీ పురుషులకు సమాన హక్కులని రాయాలా వద్దా అని సభలో పెద్ద గొడవ జరిగింది. దేశం నలుమూలల నుంచి ఆడవాళ్లు ఉత్తరాలు రాశారు. బుట్టలకొద్దీ వచ్చాయి. విప్పడానికి చేతులు చాలక కాఫీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టారు.

"నేనూ ఒకటి రాసి మధ్యలో పెట్టేశాను. మా అమ్మ యుద్ధంలో ట్రాము నడిపింది. మగవాళ్లు తిరిగొచ్చాక ఇంటికి పొమ్మన్నారు. అదే రాశాను. మా అమ్మ నాలుగేళ్లు నడిపింది, ఎవరినీ గుద్దలేదు అని."

"ఎవరైనా చదివారా?"

"ఏమో. సమాన హక్కుల వాక్యం మాత్రం రాజ్యాంగంలోకి వచ్చింది."

2019 మే నెలలో ఆ రాజ్యాంగానికి డెబ్బై ఏళ్లు నిండాయి. ఆశ్రమంలో కేకు కోసి ఊరుకుందామనుకున్నారు. అలివేలుమంగ మేనేజరు దగ్గరికి వెళ్లి గంట సమయం అడిగింది. హాల్లో ముప్పై మంది వృద్ధులు, చక్రాల కుర్చీలు, చేతికర్రలు. ఆమె జర్మన్‌లో తప్పులు దొర్లాయి. కానీ మొదటి మాట దగ్గుల గురించీ, కునుకుల గురించీ చెప్పగానే వెనక వరసల వాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అయిదేళ్లుగా ఆ గొంతు ఆమె వినలేదు.

తర్వాత ఫ్రావ్ బ్రూన్స్ లేచి నిలబడి తన ఉత్తరం చదివినట్టే చెప్పింది. వెనక వరసలో కూర్చున్న కొడుకు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదేం, అమ్మా?" అన్నాడు.

"నువ్వు జిరాఫీ దగ్గరే ఆపేసేవాడివి" అంది ఆవిడ.

ఆ మరుసటి వసంతంలో, ఒక మధ్యాహ్నం కునుకులోనే ఫ్రావ్ బ్రూన్స్ వెళ్లిపోయింది. కొడుకు సంతాపపత్రంలో తల్లి పేరు కింద "బాన్‌లో కాఫీ అందించింది, ఒక ఉత్తరం రాసింది" అని అచ్చు వేయించాడు.

అలివేలుమంగ ఇప్పుడు శనివారాలు వయోజనుల బడిలో, కొత్తగా వచ్చినవాళ్లకు ఈ దేశం ఎలా నడుస్తుందో చెబుతుంది. పౌరసత్వ పరీక్ష తనూ రాసి నెగ్గింది. దరఖాస్తు మాత్రం ఇంకా పెట్టలేదు. జర్మన్ పౌరసత్వం వస్తే భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చెయ్యాలి. "టెర్మిన్ తీసుకోవాల్నా?" అని, ఆఫీసులో అపాయింట్‌మెంటు సంగతి లక్ష్మణరావు అప్పుడప్పుడు అడుగుతాడు. "ఆగు, జరంత ఆలోచించుకోనీ" అంటుంది.

పోయిన నెల క్లాసులో మాజ్ అనే హైదరాబాదు ఇంజనీరు చెయ్యెత్తాడు. "మేడమ్, రాసినోళ్లంతా తర్వాత ఏమైన్రు?"

"కొందరు మంత్రులైన్రు" అంది అలివేలుమంగ తెలుగులోనే. "మిగిలినోళ్లు ఇంటికి పోయిన్రు. పోతెపోతె పిల్లలకు చక్కెర బిళ్ల జేబుల ఏసుకపోయి ఉంటరు."

తర్వాత అదే మాట జర్మన్‌లో అందరికీ చెప్పింది.