ఫలితం రాకముందే చెబుతున్న సాక్ష్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మాది జమ్మలమడుగు, నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే మన్నించండి, కానీ దేవుడు మా ఇంట్లో చేసిన మేలు దాచుకుంటే నాకు అన్నం సయించదు.

మా పాప ఎస్తేరు డిగ్రీ అయినాక ఎంబీఏ చదవాలని పోయిన సంవత్సరం ప్రొద్దుటూరులో ఐసెట్ రాసింది. ఆ ఉదయం ఒక్క ముద్ద మింగలేకపోయింది, కంప్యూటర్ ముందు కూర్చోగానే చేతులు వణికి, వచ్చిన లెక్కలు కూడా మరిచిపోయి, సగం ప్రశ్నలు చూడకముందే సమయం అయిపోయింది. గేటు దగ్గర నా భుజం మీద తల పెట్టి ఏడ్చిన ఆ ఏడుపు నేను మట్టిలో కలిసేదాకా మరువను!

ఈ సంవత్సరం మళ్లీ రాస్తానంది. అప్పుడు నేను చేసిన పని వినండి. మా సంఘంలో, పులివెందులలో మా పుట్టింటి సంఘంలో, ఎక్కడ కూడిక జరిగినా లేచి నిలబడి ప్రార్థన మనవి చెప్పి, అంతటితో ఆగక, పాపకు సీటు వస్తే సాక్ష్యం చెప్తాను, అందరికీ భోజనం పెడతాను అని ముందే మాట ఇచ్చేశాను. అందరూ ప్రేమగలవాళ్లే, పాప పాలకు పోయినా, కొళాయి దగ్గర నిలబడినా అదే అడిగేవాళ్లు. మా వీధి మరియమ్మక్కైతే, "ఏం పాపా, మీయమ్మ సాక్ష్యానికని కొత్త చీర తీసిపెట్టుకున్యా, నువ్వేందో చిక్కిపోతాండావే!" అనేది.

పాప నవ్వడం మానేసింది. పుస్తకం తెరిస్తే చాలు చెమటలు. ఒకరోజు మధ్యాహ్నం నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే వచ్చి, "మా, నేను రాసేది పరీక్షనా, నీ సాక్ష్యమా? ఈసారీ పోతే నువ్వు యాడ మొగం పెట్టుకుంటావో అని శానా భయమైతాంది. నేను రాయను, పో!" అనింది.

చేట కింద పెట్టేశాను సహోదరులారా! అక్కడే మోకరించి, "తండ్రీ, నా బిడ్డ బరువు తీయమని నిన్ను అడుగుతానే ఆ బరువు నేనే దాని నెత్తిన పెట్టినానే, నన్ను క్షమించు, సీటు నీ ఇష్టం, నా బిడ్డ భయం మాత్రం తీసెయ్" అని ఏడ్చాను. ఆ ఆదివారమే సంఘంలో లేచి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, పాపను ఎవరూ ఏమీ అడగొద్దని చెప్పాను. "మరి నా చీర గతి ఏంది?" అంది మరియమ్మక్క! సంఘమంతా నవ్వింది, ఎన్నాళ్లకో మా పాప కూడా నవ్వింది!

మరుసటి రోజు తనే పుస్తకం తీసింది. నాకు పెద్ద చదువు లేకపోయినా దేవుడు జ్ఞాపకశక్తి ఇచ్చాడు, కీర్తనలు ఎన్నో చూడకుండా చెప్తాను. పాప రోజూ గడియారం పెట్టుకొని రెండున్నర గంటలు నమూనా పరీక్ష రాసేది, తప్పు పోయినవన్నీ నాకు చదివి వినిపించేది, నేను వంట చేస్తూ మనసులో పెట్టుకునేదాన్ని. "పాపా, మంగళవారం కూడా రైలు లెక్కలోనే తప్పినావు, వంతెన పొడవు కలిపేది మళ్లా మర్చిపోయినావు" అంటే, "నా నోటు పుస్తకం నువ్వే మా" అని మెడ చుట్టూ చేతులు వేసేది. రాని ప్రశ్న పట్టుకొని కూర్చుంటే, "బియ్యంలో రాయొస్తే దాంతో కొట్లాడతామా, పక్కకు నూకి ముందుకు పోతాము" అనేదాన్ని. పది రోజులకు తప్పులు తగ్గాయి, నెలకు చెమటలు ఆగాయి, దేవునికి స్తోత్రం!

పరీక్ష రోజు ప్రొద్దుటూరులో అదే గేటు దగ్గర నిలబడ్డాను. పెదవి కదపకుండా ప్రార్థించుకున్నాను, ఎవరికీ మనవి చెప్పలేదు. పాప బయటికి వచ్చింది. "చేతులు వణకలేదు మా. ఆకలేస్తాంది, కారం దోశ తిందాం పా" అనింది!

ఫలితాలు ఇంకా రాలేదు. రాకముందే సాక్ష్యమేందని అడుగుతారేమో, భయం నుండి నేను అడిగిన విడుదల ఆ గేటు దగ్గరే దొరికింది! ఇదంతా పాపకు చదివి వినిపించి, సరే అన్నాకే పంపుతున్నాను. భయంతో కుమిలే బిడ్డ మీ ఇంట్లో ఉంటే, ముందు మీ ఆశను ప్రభువు చేతిలో పెట్టండి అమ్మా, బిడ్డను ఆయనే ఎత్తుకుంటాడు. ఆ రోజు మా పాప రెండు దోశలు తినింది, మూడోది కూడా అడిగింది, దేవునికే మహిమ!