పీలిక కట్టిన మిరప చెట్లు

జానీబీ విత్తనం కొనదు. ముప్పై ఏళ్లుగా కొనలేదు. పిడుగురాళ్ల దారిలో ఉన్న ఆ ఊళ్లో అందరూ ప్యాకెట్లు చించి నారు పోసుకుంటుంటే, ఆమె అటక మీంచి ఒక బట్టమూట దించుతుంది. మూటలో నిరుటి కాయల గింజ ఉంటుంది. ఎకరన్నర చేనుకు అది చాలు.

ఏ చెట్టు గింజ ఉంచాలో ఆమే చూస్తుంది. కోతకు ముందు చేనంతా తిరుగుతుంది. ఒక చెట్టు దగ్గర ఆగుతుంది, ఇంకో చెట్టును దాటిపోతుంది. ఎందుకు ఆగావంటే "బాగుంది, ఆగా" అంటుంది. అంతకంటే చెప్పదు. ఆగిన చెట్టుకు పాత చీర చించి పీలిక కడుతుంది. ఆ చెట్టు కాయలు వేరుగా కోసి వేరే చాప మీద ఎండబెడుతుంది.

ఆ ఏడు డిసెంబరులో నల్ల తామర పురుగు వచ్చింది. కంటికి ఆనీ ఆనని పురుగు. పూలల్లో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, ఆకు ముడుచుకుపోతుంది. ఆమె భర్త గౌస్ బాషా మందు మీద మందు కొట్టాడు.

"నిరుడు ఈ మందుకే చచ్చింది. ఈ ఏడు తలంటు పోసుకున్నట్టు లేచి కూచుంటోంది" అన్నాడు.

చేనంతా ముడుచుకుపోయినా పదిహేడు చెట్లు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడ్డాయి. జానీబీ ఆ పదిహేడింటికీ పీలికలు కట్టింది. ఆ రోజు చేతికందిన చీర ఆకుపచ్చది.

పదిహేడు చెట్ల సంగతి టీ కొట్టుకు చేరింది. అక్కడ రోజూ పొద్దున్నే గౌస్ బాషాకూ రోశయ్య మాస్టారుకూ పేచీ. మాస్టారు హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. బడి పుస్తకంలో పరిణామం పాఠం ఉండాలా వద్దా అన్న గొడవ పేపర్లో చదివినప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదు. బాషాకు అయిదు పూటల నమాజు తప్పదు, మాస్టారుతో వాదనా తప్పదు.

"చూశావా బాషా! రుజువు నీ చేలోనే మొలిచింది. తట్టుకున్నది మిగిలింది, తట్టుకోలేనిది పోయింది. ఎవడూ కూచుని తయారు చెయ్యలా."

"ఎవడూ చెయ్యకపోతే మా ఆవిడ ముప్పై ఏళ్లుగా చేలో తిరిగేది దేనికండీ, గాలి కోసమా? ఏరే మనిషి ఉంటేనే గదా ఏరేది. మిరపకాయకే ఒక జానీబీ కావాల్సొస్తే, ఇంత లోకానికి ఒకడు అక్కర్లేదా?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. దెబ్బ తగిలింది.

"ఈసారి ఏరింది మీ ఆవిడ కాదయ్యా, పురుగు. ఆవిడ గుడ్డ కట్టిందంతే."

"ఆ పురుగును పంపిందెవరంట?"

"దాని అమ్మా నాన్నా. నువ్వు కొట్టిన మందుకు చావని అమ్మా నాన్నా."

"అదట్టా ఉంచండి. కన్ను సంగతేంటి? ఇంత నాజూకైన కన్ను, దానంతటదే వచ్చి మొహం మీద కూచుందా?"

"అంత నాజూగ్గా చేసినవాడు అరవై ఏళ్లకే పొర కమ్మేట్టు చేశాడేం? వెళ్లి మీ ఆవిణ్ణి అడుగు."

జానీబీకి ఎడమ కంట్లో శుక్లం. సరిగ్గా అప్పుడే గడ్డిమోపుతో కొట్టు ముందు నుంచి పోతోంది. ఇద్దరూ ఒకేసారి పిలిచారు, సాక్ష్యానికి.

"ఆ కంటికి డాక్టరు కావాలి. మీ ఇద్దరిలో డాక్టరెవరు?" అని అడిగింది. సమాధానం కోసం ఆగలేదు.

డాక్టరు బ్రాడీపేటలో దొరికాడు. జానీబీ, గౌస్ బాషా గుంటూరులో అయిదు రోజులు ఉండిపోయారు. ఆపరేషన్ అయింది. కంటి కట్టు మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆమె బస్సు దిగింది. మర్నాడే మొదటి కోత. బాషా వెనకే వస్తుంటే, ఇంటికి కూడా పోకుండా తిన్నగా చేనుకు నడిచి, గట్టు మీదే నిలబడిపోయింది.

చేనంతా ఆకుపచ్చ పీలికలు. ప్రతి చెట్టుకూ ఒకటి. గాలికి ఎగురుతున్నాయి.

కోతల ముఠాను నడిపే మల్లేశ్వరి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎట్టా ఉందక్కా? కొత్త గుడ్డ తానంతా చించాం!"

"ఎందుకే?"

"ఎందుకేంటి? గుడ్డ కట్టినవే నిలబడ్డాయి, కట్టనివి ముడుచుకున్నాయి. ముఠా అంతా కళ్లారా చూశాం. దర్గాలో మొక్కుకుని కట్టావని మాకు తెలీదా? పదిహేడుతో గుడ్డ చాల్లేదు కాబోలనుకున్నాం. మంచి గురువారం చూసి అన్నిటికీ కట్టేశాం. అదుగో, ఎట్టా తేరుకున్నాయో చూడు!"

తేరుకున్న మాట నిజమే. వీళ్లు గుంటూరు పోకముందే గట్టి వాన పడి పురుగు కొట్టుకుపోయింది. చేనంతా కొత్త చిగురు, కొత్త పూత. ఏ చెట్టు చూసినా ఒక్కలాగే ఉంది.

"నిలబడ్డవి చూసి కట్టానే తల్లీ. కట్టానని నిలబడలేదు!"

"ఏదైతేనేంలే అక్కా. నిలబడ్డాయిగా."

"నేను కట్టినవేవి?"

"చివికిపోయాయని విప్పేసి కొత్తవి కట్టాం. పాతవి పారేస్తామా ఏంటి? తలా ఒకటి చేతికి కట్టుకున్నాం." మల్లేశ్వరి తన మణికట్టు చూపించింది. పాత చీర ముక్క అక్కడుంది.

జానీబీ గట్టు మీద కూలబడింది. తెల్లారితే కోత. పండుకాయంతా ఒక్క రాశిగా కల్లానికి పోతుంది. అందులో ఆ పదిహేడు చెట్ల కాయ ఏదో ఇక ఎవరికీ తెలియదు. కోత ఆపుదామంటే ముఠా ఎల్లుండికి వేరే ఊరు ఒప్పుకుంది. వచ్చే ఏడు తనూ ప్యాకెట్టు చించాల్సిందే.

కబురు తెలిసి మాస్టారు సైకిలు మీద వచ్చాడు. ఆకుపచ్చ చేను చూసి ఆయన మొహం పాఠం చెప్పబోయేవాడి మొహమైంది.

"ఫలితాన్ని చూసి కారణం అనుకున్నారు. మనుషులకిది..."

"మాస్టారూ" అన్నాడు బాషా.

"సరే సరే. జానీబీ, దిగులుపడకమ్మా. మళ్లీ పురుగు వచ్చినప్పుడు మందు కొట్టకుండా వదిలెయ్. అదే చూపిస్తుంది."

"పైవాడి మీద భారం వేద్దామే" అన్నాడు బాషా.

"అందాకా నేనేం నాటాలి? మీ మాటలా?"

జానీబీ చేలోకి దిగింది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి నీళ్లు. చూపు లాభం లేదని చెట్టు పక్కన గొంతుక్కూచుని కొమ్మల్లోకి చెయ్యి పెట్టింది. వాళ్ల నాన్న దూది ఏకేవాడు. దూదిలో చిక్కుకున్న గింజ ముక్కను చిన్నప్పుడు చూడకుండానే తీసేది.

మిరప చెట్టు రెండేసి కొమ్మలుగా చీలుతూ పెరుగుతుంది. చీలినచోట పువ్వు. పువ్వు నిలిస్తే కాయ. కింది చీలికలో కాయ తగిలింది. దాని పైన కాయ. ఆ పైన బోడి. ఆ పైనా బోడి. చిట్టచివర కొత్త పూత. పక్క చెట్టూ అంతే. దాని పక్కదీ అంతే. నడుమ రెండు వరసలు ఖాళీ. పురుగు ఉన్న రోజుల్లో రాలిన పూలవి.

నాలుగో సాలులో ఆమె చెయ్యి ఆగింది. కాయ, కాయ, కాయ, కాయ, పూత. ఎక్కడా ఖాళీ లేదు.

"మల్లేశ్వరీ, ఇట్రా" అంది. తర్వాత మగవాళ్ల వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు ఆ చివర్నించి రండి. ఏమయ్యా, నువ్విటు. నడుమ ఖాళీ ఉందో లేదో చూసి చెప్పండి. ఎందుకుందో చెప్పొద్దు."

అరవై ఎనిమిదేళ్ల మాస్టారు పంచె ఎగ్గట్టి సాళ్ల మధ్య పాకాడు. "లేదమ్మా!" అని ఒక చోట కేక పెట్టాడు. జానీబీ వచ్చి తడిమి, "ఉంది, మీరు కొసన చూశారు" అని పోయింది. బాషా మూడు సరిగ్గా పట్టాడు. మూడోదాని దగ్గర "మాస్టారూ, మీకెన్ని?" అని అడిగాడు. మాస్టారు వినపడనట్టు పాకుతూ పోయాడు. మల్లేశ్వరి ముఠాను కూడా దింపింది. పొద్దు వాలేసరికి పంతొమ్మిది తేలాయి.

"కట్టింది పదిహేడేగా?" అన్నాడు బాషా.

"రెండు నా కన్ను దాటిపోయి ఉంటాయి." అంది జానీబీ. "పదిహేడూ ఇందులో ఉన్నాయో లేదో కూడా తెలీదులే."

మల్లేశ్వరి అప్పటికే కొంగు చివర పట్టుకుంది. "అక్కా, వీటికి ఎర్రగుడ్డ కట్టనా, గుర్తుకు?"

"ఓయమ్మో, నువ్వాగు!"

జానీబీ మొదటి చెట్టు దగ్గరికి పోయి ఆకుపచ్చ పీలిక ముడి విప్పింది. రెండోదానిదీ విప్పింది. ముఠాలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"మొక్కుగుడ్డ విప్పకూడదక్కా! చెట్టుకేమన్నా అయితే?"

"ఏ గుడ్డా లేకుండా నిలబడ్డవి ఇవే కదే" అంటూ పంతొమ్మిదింటివీ విప్పింది.

మర్నాడు ముఠా చేనంతా కోసింది. ఆ పంతొమ్మిది బోసి చెట్ల దాకా వచ్చి పక్కకు తప్పుకుని పోయింది. మొక్కు విప్పిన చెట్టు మీద చెయ్యి వెయ్యడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. జానీబీ వాళ్లకేమీ చెప్పలేదు. గంప తీసుకుని, ఆ కాయలు తనే కోసుకుంది.