అక్క ఆకుపచ్చ ఓణీ

డెబ్బైల్లో మేం భవానీపురంలో ఉండేవాళ్లం. నేను ఆరో తరగతి. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా పాకేవి. చెబితే నాన్న నమ్మేవారు కాదు.

ఒకరోజు పాఠం చదవలేకపోయానని బెల్టుతో కొట్టారు. చెవి చిట్లి పుస్తకం మీద రక్తం పడింది.

“చంపేస్తారా నాన్నా!” అంటూ అక్క నాకు అడ్డంగా పడింది. తన పల్చటి ఆకుపచ్చ ఓణీ పేజీని కప్పేసింది. ఆశ్చర్యం, దానిలోంచి చూస్తే అక్షరాలు కదల్లేదు! ఏడుస్తూనే గబగబా చదివేశాను.

“అంటే ఇన్నాళ్లూ నాటకాలా?” అంటూ నాన్న మళ్లీ బెల్టు ఎత్తారు. ఆ దెబ్బ అక్క వీపు మీద పడింది. అయినా అక్క బెల్టు పట్టుకుని, ఆయన చేతిలోంచి లాగేదాకా వదల్లేదు.

పేజీ మీద పారదర్శకమైన రంగు కాగితం వేసి చదివించే పద్ధతి ఒకటుందని ఈమధ్యే తెలిసింది. అందరికీ పనిచేయదట. నాకు పనిచేసింది. అక్షరాలు పాకేవంటే నాన్న మాత్రం చివరిదాకా నమ్మలేదు. ఆ చెవి నాకిప్పటికీ సరిగా వినపడదు.