వస్తానన్న మనిషిని కూర్చోబెట్టిన మిషను

హిందూపురంలో మనుషులు మాట్లాడేది పిడికెడు మాటలేనని యూనస్‌కు గట్టి నమ్మకం. రెండువేల రెండు ప్రాంతంలో గోవిందరాజులు తన చింతపండు మండీ పక్కనే ఇంటర్నెట్ సెంటర్ తెరిస్తే, యూనస్ రోజూ పెనుకొండ నుంచి బస్సులో వచ్చి దాన్ని చూసుకునేవాడు. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతుంటే "కరెంటుండాదా అప్పా?" అనేవాడొకడు. "తిన్యావా?" అని అడిగి, జవాబు వినకుండానే పోయేవాడింకొకడు.

"వీళ్లకు జవాబు చెప్పేదానికి మనిషెందుకమ్మా? కంప్యూటర్ మిషను చాలు," అన్నాడు తల్లితో.

"చెయ్యి నాయనా. నీకంటే అదన్నా నగుతా మాట్లాడతాదేమో," అంది హజరాబీ రొట్టె తిరగేస్తూ.

ఈ ముచ్చట గోవిందరాజులు చెవిన పడింది. ఆయన ధర్మవరంలో రెండో సెంటర్ పెట్టబోతున్నాడు. "నీ మిషను మనిషితో సక్కగా మాట్లాడితే ధర్మవరం నీకే ఇస్తా," అన్నాడు. తనమీద అజమాయిషీ లేని కుర్చీ! యూనస్‌కు అంతకంటే ఏం కావాలి?

నేర్పేవాడెవడూ లేడు. అట్ట ఊడిన పాత కంప్యూటర్ పుస్తకమొక్కటే గురువు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఫలానా వాక్యానికి ఫలానా జవాబు అని రాశాడు. అక్షరం తేడా పడితే మిషను మూగబోయేది. సరే, వాక్యమంతా అక్కర్లేదు, అందులో ఒక మాట కనబడితే చాలని మార్చాడు. ఎవరో విసిగి "నా తల తినొద్దు" అని కొడితే, "నేను తిన్యా, మీరు తిన్యారా?" అంది. నవ్వులు. యూనస్ మూతి విరిచాడు. తలకాయ ఎవడైనా తింటాడా? తప్పు మిషనుది కాదు, మాట్లాడడం రాని ఈ జనానిది. అనుకుంటూనే దిద్దాడు. ఒకచోట దిద్దితే ఇంకోచోట ఊడేది. అదీ దిద్దాడు.

పరీక్షకు గోవిందరాజులు తన స్నేహితుడు, మడకశిర దాసప్పను పిలిచాడు. దాసప్ప ఒంటి వేలితో కొడుతూ వాన గురించి అడిగాడు, చింతపండు ధర అడిగాడు. అన్నిటికీ జవాబొచ్చింది. యూనస్ కాలర్ సర్దుకున్నాడు. బస్సు వేళయిందని దాసప్ప లేచి, మర్యాదగా "వస్తా" అని కొట్టాడు.

"రండి, కూర్చోండి," అంది మిషను.

కూర్చోమన్నాక కూర్చోకపోతే ఏం బాగుంటుంది? దాసప్ప కూర్చున్నాడు. కాసేపాగి, "మళ్లా వస్తా" అని కొట్టాడు.

"రండి, కూర్చోండి."

మళ్లీ కూర్చున్నాడు. బయట బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"ఏమబ్బా, ఇది నన్ను ఇంటికి పంపిచ్చేదా లేదా?" అని దాసప్ప కేకేశాడు.

"పోయేటోడు పోతానని చెప్పాల. వస్తానంటే అదేం చేస్తాది?" అన్నాడు యూనస్.

గోవిందరాజులు చెంపలేసుకున్నాడు. "అంగట్లో నిలబడి పోతా అంటారేమప్పా? పాడెమీదోడు పోతాడు! పొద్దున బయల్దేరేటప్పుడు మీయమ్మకేం చెప్పొచ్చినావు?"

చెప్పొచ్చింది "వస్తా" అనే. యూనస్ చెయ్యి చాచి మిషను ఆపేశాడు.

"ధర్మవరానికి వేరేవాణ్ణి చూసుకుంటా. ఆడికొచ్చేది పట్టుచీరలోళ్లు. మనుసులు మాట్లాడేదే తెలీనోడు మిషనుకేం నేర్పుతాడు?"

యూనస్ సంచీ తీసుకున్నాడు. "పోతా" అనే ఆ అనరాని మాటే వాళ్ల మొహాన కొట్టాలనిపించింది. నాలుక తిరగలేదు. "వస్తా" అనడానికి మనసొప్పలేదు. మెట్లు దిగాడు.

పెనుకొండ బస్సులో ముందు సీటు ముసలమ్మ దిగుతూ పక్కనామెతో "వస్తానమ్మా" అంది. "ఆ, రా," అంది పక్కనామె. రమ్మన్నది, ఆమె దిగిపోయింది. ఎవరికీ ఏ తికమకా లేదు. ఒక్కరికీ సరిగ్గా మాట్లాడడం రాదు, అని పళ్లు నూరుకున్నాడు యూనస్. నూరుకుంటూనే ముందుకు వంగి, ఆ తర్వాత దిగినవాళ్లు ఏమన్నారో, ఉన్నవాళ్లు ఏం బదులిచ్చారో, ఊరొచ్చేదాకా చెవి ఒగ్గి విన్నాడు.